రెండువందల పద్నాలుగు పేర్లు

ఆవిడ అసలు పేరు పింఛను కాగితాల్లో తప్ప ఇంకెక్కడా వినపడేది కాదు. ఊరందరికీ ఆవిడ ఆపరేటరమ్మ. ఫోనెత్తితే అవతల ఒక మనిషి పలికి, ఏ నంబరు కావాలో అడిగి, తన చేత్తో తీగ గుచ్చి కలిపే రోజుల్లో, ఇరవయ్యేళ్లకే ఆవిడ ఆ ఉద్యోగంలో చేరింది. రెండో అంతస్తులో పొడవాటి గది. వరసగా పన్నెండు కుర్చీలు, ఎదురుగా గోడంత చిల్లుల బోర్డు. ఎనిమిది గంటల డ్యూటీ అయ్యేసరికి చెవులకి తగిలించుకున్న పరికరం జుట్టు మీద గాడి పెట్టేది. పెళ్లి ఫొటోలో కూడా ఆ గాడి కనపడుతుంది.

ఆవిడకి పేరుమోసిన గుణాలు రెండు. ఒకసారి విన్న గొంతు ఇక మర్చిపోదు. ఆ గొంతు ఎవరిదో చస్తే చెప్పదు. "ఈ ఊరి గుట్టంతా మా ఆవిడ కడుపులోనే ఉంది, ఇంక ఎన్ని మెట్లెక్కినా బరువెలా తగ్గుతుంది?" అని ఆవిడ భర్త తన గడియారాల రిపేరు కొట్లో కూర్చుని వచ్చినవాళ్లందరితో అనేవాడు.

మొదటి గుణం పుట్టుకతో వచ్చింది. రెండోది మాత్రం ఒక దెబ్బ తిన్నాక వచ్చింది. ఆ సంగతి భర్తకి తప్ప ఎవరికీ తెలీదు.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు. మధ్యాహ్నం పూట ఒకాయన ఎక్స్ఛేంజికి వచ్చాడు. ఇస్త్రీ కోటు, నవ్వుముఖం. ప్రభుత్వం తరఫున వచ్చానన్నాడు. ఫలానా నంబరు నుంచి గత నెలలో ఎక్కడెక్కడికి మాట్లాడారో కాస్త చూపించమన్నాడు. చేతిలో కాగితం ముక్క లేదు. సూపర్‌వైజరమ్మ భోజనానికి వెళ్లింది. పెద్దమనిషి అడిగాడు కదా అని ఈ అమ్మాయి కాల్స్ రాసుకున్న చీటీల కట్ట తీసి బల్ల మీద పెట్టింది. ఆయన నాలుగు చీటీలు చూసి, నోట్ చేసుకుని, థాంక్స్ చెప్పి వెళ్లిపోయాడు.

ఆ నంబరు ఒక స్కూలు మేష్టారిది. వాళ్ల స్కూలు గోడ బీటలు వారిందని, పిల్లల మీద పడేలా ఉందని పేపరు ఆఫీసుకి నాలుగుసార్లు ఫోన్ చేశాడాయన. నెల తిరక్కుండా ఉద్యోగం పోయింది. ఊరు వదిలి వెళ్లేముందు ఫోను తీయించుకోడానికి దరఖాస్తు పట్టుకుని ఎక్స్ఛేంజికి వచ్చాడు. ఆ రోజు కౌంటరు డ్యూటీలో ఉన్న ఈవిడ "ఇక్కడ సంతకం పెట్టండి" అనగానే తలెత్తి చూశాడు.

"మీ గొంతు నాకు తెలుసమ్మా. ఎన్నిసార్లు లైను తెగినా విసుక్కోకుండా మళ్లీ కలిపేవారు. థాంక్సమ్మా," అన్నాడు.

అంతే. సంతకం పెట్టి వెళ్లిపోయాడు. ఆయన తిట్టి ఉంటే ఆవిడ ఎప్పుడో మర్చిపోయేది. ఆ థాంక్స్ మాత్రం నలభై ఏళ్లకి పైగా ముల్లులా లోపలే ఉండిపోయింది.

కాలం మారింది. తీగలు పోయాయి, మెషీన్లు వచ్చాయి. ఆపరేటరమ్మ ఫిర్యాదుల కౌంటర్లో పనిచేసి రిటైరైంది. ఇంట్లో ఊరికే కూర్చుంటే తోచక పిచ్చెక్కేలా ఉందని ఆవిడ మొత్తుకుంటుంటే, కంప్యూటర్ పని చేసే మేనకోడలు ఒక వెబ్‌సైట్ తయారుచేసి పెట్టింది. చుట్టుపక్కల వీధులవాళ్లు రాసుకోడానికి. దానికి 'మాటామంతీ' అని పేరు పెట్టారు. నచ్చిన మారుపేరు పెట్టుకుని ఎవరైనా రాయొచ్చు. లాగిన్ అవ్వడానికి మాత్రం అసలు పేరు, ఫోన్ నంబరు ఇవ్వాలి.

పిల్లి తప్పిపోయింది, చూశారా? మా గేటుకి అడ్డంగా కారు పెట్టిన మహానుభావుడెవరు? పైపులు బాగుచేసే మంచి మనిషి నంబరు ఉందా? అంతా ఇలాంటి గొడవే. ఆరేళ్లలో నాలుగు వేలమంది చేరారు. ఆపరేటరమ్మ పొద్దున్నే లేచి, కళ్లజోడు తుడుచుకుని, ఒక్క వేలితో టైపు చేస్తూ అందరినీ పలకరించేది. ఎవరైనా నోరు జారితే "నాయనా, ఇక్కడ పెద్దవాళ్లం కూడా ఉన్నాం, ఆ మాట తీసేసి మళ్లీ రాయి" అనేది. వాళ్లు బుద్ధిగా తీసేసేవాళ్లు.

ఒకరోజు 'పావురం' అనే పేరుతో ఎవరో ఐదు ఫొటోలు పెట్టారు. అవి మంచినీళ్లు పరీక్ష చేసే ల్యాబులోని రిజిస్టరు పేజీలు. నలభై రోజులు వరసగా ఒకే చేతిరాత, ఒకే అంకె. ల్యాబుకి తాళం వేసి ఉన్న సెలవు రోజుల్లో కూడా నీళ్లు పరీక్షించినట్టు రాసుంది. కింద పావురం ఒక్క వాక్యమే రాసింది: "నీళ్లు చూడకుండానే బాగున్నాయని రాస్తున్నారు, కాచుకుని తాగండి."

ఆ నెలలో మూడు వీధుల్లో పిల్లలు వాంతులతో ఆసుపత్రి పాలయ్యారు. అందరూ తిండి మీద నెపం పెట్టారు. ఫొటోలు చూశాక ఒక్కొక్కరే నోరు విప్పారు. మా బిందెలో అడుగున మడ్డి దిగుతోందని ఒకరు, మా పాప మూడు రోజులు సెలైన్ మీద ఉందని ఇంకొకరు. రెండు రోజుల్లో రెండువందల పదమూడు మంది రాశారు. పావురంతో కలిపి రెండువందల పద్నాలుగు.

మరుసటి సోమవారం రిజిస్టరు పోస్టులో ఉత్తరం వచ్చింది. పైన ప్రభుత్వ ముద్ర. ఆన్‌లైన్ వ్యవహారాలు చూసే ఏదో విభాగం నుంచి. ఆ రెండువందల పద్నాలుగు మంది అసలు పేర్లు, ఫోన్ నంబర్లు, ఏ చోటు నుంచి లాగిన్ అయ్యారన్న వివరాలు, వాళ్లు ఒకరికొకరు విడిగా పంపుకున్న మెసేజీలతో సహా ఏడు రోజుల్లో అందజేయాలి. ఇలా అడిగినట్టు ఎవరికీ చెప్పకూడదు. కారణం ఒక్క మాటలో ఉంది: 'ప్రజల్లో భయాందోళనలు.'

ఆపరేటరమ్మ రెండుసార్లు చదివింది. తర్వాత భర్తకి కబురుచేసింది, మేనకోడల్ని పిలిచింది.

మేనకోడలు ఉత్తరం చూస్తూనే లాప్‌టాప్ తెరిచింది. "అత్తా, ఒక్క బటన్ నొక్కితే మొత్తం చెరిగిపోతుంది. లేనిదాన్ని ఎవరు తీసుకుంటారు?"

"ముట్టుకోకు. మనం దొంగలమా ఏంటి, చెరిపేసి చేతులు కడుక్కోడానికి? ఉంది, కానీ ఇవ్వను. ఆ మాట మొహం మీద చెప్తాను."

"వాళ్లకి చెప్తావా! కొరివితో తల గోక్కోవడం ఎందుకే?" అన్నాడు భర్త. "పిల్లుల గురించి రాసుకునే వెబ్‌సైటుకి ఇంత రాద్ధాంతమా? అడిగింది ఇచ్చేస్తే సరిపోతుంది కదా. వాళ్లేం చేస్తారో వాళ్లిష్టం."

ఆవిడ ఉత్తరాన్ని మడతలు పెట్టి మళ్లీ కవర్లో దోపుతోంది. ఆయన ఆ చేతుల వంక చూశాడు.

"మేష్టారా?" అన్నాడు మెల్లిగా.

ఆవిడ తలూపింది.

ఆయన లేచి బూట్లు తొడుక్కున్నాడు. "మన కొట్లో గోడగడియారం ఇచ్చిన లాయరమ్మ ఉంది. అద్దె తగాదాలు చూస్తుందిట. చిన్నదే గానీ చురుకైంది. తీసుకొస్తానుండు," అని వెళ్లాడు.

లాయరమ్మకి ముప్పై ఏళ్లుంటాయేమో. ఉత్తరాన్ని ముందు వెనక తిప్పి చూసి, "దీని మీద జడ్జి సంతకం ఏదీ?" అని అడిగింది.

"నేనూ అదే వెతికానమ్మా."

"లేదు. అంటే ఇది ఆర్డరు కాదు, కోరిక. కాస్త గద్దించి కోరారు, అంతే. ఇలాంటివి వందల్లో పంపుతారండీ. అందరూ గుండె జారి ఇచ్చేస్తారు. సంతకం ఏదని అడిగినవాళ్లు లేరు కాబట్టి వీళ్లకి అలవాటైపోయింది." తర్వాత మేనకోడలి వైపు తిరిగింది. "మీరు మాత్రం ఒక్క అక్షరం చెరపొద్దు. చెరిపితే మనం తప్పు చేసినవాళ్లమవుతాం. ఇంకొకటి. మనం కోర్టుకెళ్దాం. అది తేల్చేదాకా ఈ సంగతి బయట అనొద్దు."

ఆరో రోజు మధ్యాహ్నం అధికారి ఒకాయన ఇంటికే వచ్చాడు. నలభై ఏళ్ల మనిషి, మర్యాదగానే కూర్చున్నాడు, టీ తాగాడు.

"అమ్మా, మీ వయసుకి ఇవన్నీ ఎందుకు? లిస్టు ఇచ్చేయండి, నేను సంతకం తీసుకుని వెళ్లిపోతాను. పెద్ద పెద్ద కంపెనీలే అడగ్గానే ఇస్తున్నాయి. వాళ్ల ముందు మీరెంత?"

"ఆ కంపెనీలకి మనుషులు అంకెలు బాబూ. నాకలా కాదు. వీళ్లని రోజూ పొద్దున్నే పలకరిస్తాను. వీళ్లలో ఒకావిడ పిల్లికి పేరు పెట్టింది కూడా నేనే."

"నవ్వులాట కాదమ్మా ఇది. సైటు మూయించగలం. మీరు ప్రభుత్వ పింఛను తీసుకుంటున్నారు. దాని మీదా ప్రశ్నలొస్తాయి."

"రానీ. ముందు నా ప్రశ్నకి జవాబు చెప్పు. ఈ రెండువందల పద్నాలుగు మందిలో నేరం చేసిందెవరు?"

"అది తెలుసుకోడానికే కదా అడుగుతున్నాం!"

"అంటే ముందు అందరి జేబులూ వెతికి, ఆ తర్వాత దొంగతనం జరిగిందో లేదో చూస్తారన్నమాట."

అధికారి టీ కప్పు బల్ల మీద పెట్టి, రేపటిదాకా గడువుందని గుర్తుచేసి లేచాడు. తలుపు మూశాక ఆపరేటరమ్మ గోడ పట్టుకుని కుర్చీ దాకా వెళ్లింది. ధైర్యం అంతా ఆయన వెళ్లేదాకానే సరిపోయింది.

తెల్లారి లాయరమ్మ కోర్టులో పిటిషన్ వేసింది. విచారణ తేలేదాకా ఉత్తరాన్ని పక్కన పెట్టమని కోర్టు చెప్పింది. ఆ రెండు నెలలే ఆవిడకి అన్నిటికంటే కష్టం. నోరు విప్పకూడదు కదా! 'మాటామంతీ'లో జనం ఊరుకోలేదు. నీళ్ల సంగతి ఏమైంది, అమ్మగారు ఉలకరేం పలకరేం, ఎవరైనా బెదిరించారా, లేక చేతిలో ఏదైనా పెట్టారా అని రాయడం మొదలుపెట్టారు. ఒకడైతే "అమ్ముడుపోయిన అంగడి" అనేశాడు. ఆ మాట చదివి ఆవిడ కొంగుతో కళ్లద్దాలు తుడుచుకుంది. తర్వాత ఎవరిదో తప్పిపోయిన పిల్లి ఫొటో కింద "మూడో వీధి మూల మీద కనపడింది తల్లీ" అని రాసి లేచింది. ఆ అమ్ముడుపోయిన మాట అన్నవాడి పేరు కూడా ఆ రెండువందల పద్నాలుగులో ఉంది.

విచారణ రోజు కోర్టు గదిలో పాత ఫ్యాన్లు గిరగిరా తిరుగుతున్నాయి. ప్రభుత్వ లాయరు గంటసేపు మాట్లాడాడు. చివర్లో చేతులు చాపి, "తప్పు చేయనివాళ్లకి దాచుకోవలసిన అవసరం ఏముంటుంది?" అని కూర్చున్నాడు.

జడ్జిగారు కళ్లజోడు మీంచి ఆపరేటరమ్మ వైపు చూశారు. "మీరేమైనా చెప్పాలనుకుంటున్నారా?"

లాయరమ్మ కంగారుగా ఆవిడ మోచెయ్యి పట్టుకుంది. అప్పటికే ఆవిడ లేచి నిలబడింది.

"అయ్యా, నేను ఇరవైరెండేళ్లు జనం మాటలు చెవిలో పెట్టుకుని బతికాను. ఎంత వద్దనుకున్నా కొన్ని మాటలు వినపడేవి. నాకు తెలిసింది ఒక్కటే. దొంగలు గట్టిగానే మాట్లాడేవాళ్లు, నవ్వుతూ మాట్లాడేవాళ్లు. గొంతు తగ్గించేది మంచివాళ్లే. డాక్టరుకి జబ్బు చెప్పుకునేవాళ్లు, మొగుడు కొట్టాడని అమ్మకి చెప్పుకునే ఆడపిల్లలు, పై అధికారి తప్పు చేస్తున్నాడని ఎవరికో చెప్పాలనుకునే గుమాస్తాలు. వీళ్లు తప్పు చేసి దాచుకునేవాళ్లు కాదు. నిజం చెప్పాలి, కానీ చెప్తే బతుకు పోతుందని భయం."

ఆవిడ కళ్లజోడు సరిచేసుకుంది.

"ఒకసారి నేను కాగితం అడక్కుండా ఒకరి ఫోను చీటీలు ఇచ్చాను. ఆయన స్కూలు గోడ పడిపోతుందని చెప్పిన మేష్టారు. ఉద్యోగం పోయింది. గోడ కూడా ఆ ఏడే పడింది. అదృష్టం, సెలవు రోజు. అప్పుడు నాకు ఇరవైరెండేళ్లు, తెలీక చేశాను. ఇప్పుడు అరవయ్యారు. ఇక తెలీదని చెప్పుకోడానికి నాకు వీల్లేదు. నేరం చేసినవాడుంటే పేరు చెప్పండి, నేరం చెప్పండి, మీరు సంతకం పెట్టండి, ఆ క్షణమే ఇస్తాను. నీళ్లు బాగాలేవన్నందుకు మాత్రం ఒక్క పేరు కూడా ఇవ్వను."

ఆవిడ కూర్చుంది. వెనక బెంచీలో భర్త జేబురుమాలు వెతుక్కుంటున్నాడు, దొరకడంలేదు.

మూడు వారాలకి తీర్పు వచ్చింది. జడ్జిగారు చివరి పేజీ చదివి వినిపించారు. ఉత్తరం చెల్లదు. ఎవరి వివరాలు కావాలన్నా ఆ మనిషెవరో, ఆరోపణ ఏమిటో చూపించి ముందు న్యాయస్థానం అనుమతి తీసుకోవాలి. ఒక విషయం మీద మాట్లాడినంత మాత్రాన జనాన్ని మూకుమ్మడిగా జల్లెడ పట్టడానికి వీల్లేదు. ఎవరి వివరాలు అడిగారో వాళ్లకి ఆ సంగతి తెలుసుకునే హక్కుంది, ఆవిడ నోటికి వేసిన తాళం తీసేస్తున్నాం. ఇక ఆ నీళ్ల రిజిస్టర్లు నెలలోగా కోర్టుకి తేవాలి.

లాయరమ్మ అద్దె కేసుల్లో గెలిచినప్పుడు కూడా అంత గట్టిగా అరిచి ఉండదు. బంట్రోతు "ష్" అన్నాడు. ఆ తర్వాత తనే నవ్వేశాడు.

ఆపరేటరమ్మ కోర్టు వరండాలో మెట్టు మీద కూలబడి, ఫోను తీసి, ఒక్క వేలితో టైపు చేసింది. పావుగంట పట్టింది.

"మూడు నెలలుగా మీ పేర్లు అడుగుతున్నారు. ఇవ్వలేదు. చెప్పకూడదన్నారు, చెప్పలేదు. ఇవాళ కోర్టు మనవైపు చెప్పింది. మీ పేర్లు మీవే. నీళ్లు ఇంకా కాచుకునే తాగండి."

ఇల్లు చేరేసరికి ఫోను వేడెక్కిపోయింది. అమ్ముడుపోయారన్నవాడు అందరికంటే ముందు రాశాడు: "అమ్మా, నా నోరు పడిపోను. చెప్పుతో కొట్టండి." ఆవిడ జవాబిచ్చింది: "చెప్పులు కొత్తవి నాయనా, పాడవుతాయి."

అసలు వింత మర్నాడు జరిగింది. నీళ్ల ఆఫీసుకి వినతిపత్రం పెడదామని ఎవరో అన్నారు. దాని కింద ఒకావిడ తన మారుపేరు పక్కనే అసలు పేరు, ఇంటి నంబరు రాసేసింది. ఆవిడ వెనక ఇంకొకరు, ఆ వెనక పదిమంది. సాయంత్రానికి రెండువందల పదమూడు మందీ ఎవరూ అడక్కుండానే పేర్లు రాశారు. గద్దించి అడిగితే దొరకని జాబితా దర్జాగా నడిచొచ్చి ఆఫీసు బల్ల మీద కూర్చుంది. మేనకోడలు ఆ కాగితం ప్రింటు తీస్తూ ఏడుస్తోందో నవ్వుతోందో తనకే తెలీలేదు.

పావురం మాత్రం పేరు రాయలేదు. ఆ వారంలో ఇంటి ఫోను మోగింది. "థాంక్సండీ," అని ఒక గొంతు అని పెట్టేసింది.

"ఎవరే?" అన్నాడు భర్త.

"రాంగ్ నంబరు," అంది ఆపరేటరమ్మ. ఆయనకి నమ్మకం కలగలేదు గానీ, అడిగి లాభం లేదని నలభై ఏళ్ల కాపురంలో నేర్చుకున్నాడు.

రిజిస్టర్లు కోర్టుకి వచ్చాయి. ల్యాబు పెద్దాయన కుర్చీ ఖాళీ అయింది. రెండు వీధుల కింద తుప్పుపట్టిన పాత గొట్టం మురుగుకాలవ పక్కనే చిల్లుపడి ఉందని తవ్వితే తేలింది, కొత్తది వేశారు. నీళ్ల పరీక్ష ఫలితాలు ఇప్పుడు వారం వారం ఆఫీసు గోడకి అంటిస్తున్నారు. ఆ తీర్పు కాపీ పట్టుకుని వేరే ఊళ్ల నుంచి ఇలాంటి చిన్న చిన్న సైట్లు నడిపేవాళ్లు ఆపరేటరమ్మ ఇంటికి వచ్చారు. నర్సుల గుంపు నడిపే ఆవిడ ఒకరు, బస్సు డ్రైవర్ల పేజీ చూసే ఆయన ఒకరు. వాళ్లందరికీ ఇలాంటి ఉత్తరాలే వచ్చాయిట. అందరినీ వంటగది బల్ల చుట్టూ కూర్చోబెట్టి, లాయరమ్మ జవాబులు రాయించింది. మేనకోడలు 'మాటామంతీ'లో కూడా మార్పు చేసింది. ఎక్కడి నుంచి లాగిన్ అయ్యారన్న లెక్క ఇక వారం దాటి ఉండదు. అవసరం లేనిది దగ్గర పెట్టుకోవడమే తప్పని తనకిప్పుడు తెలిసింది.

ఆ ఏడు చివర్లో అదే అధికారి మళ్లీ వచ్చాడు. ఈసారి గుమ్మం బయటే నిలబడి, "రావచ్చా అమ్మా?" అని అడిగాడు. చేతిలో ఒక్క కాగితం. లేని ఇళ్లు అద్దెకిస్తానని 'మాటామంతీ'లో ప్రకటన పెట్టి, పదిమంది దగ్గర అడ్వాన్సులు గుంజి మాయమైన ఒకడి గురించి. ఒకే పేరు, ఒకే నేరం, కింద జడ్జి సంతకం, ముద్ర.

ఆపరేటరమ్మ కళ్లజోడు పెట్టుకుని పై నుంచి కింది దాకా చదివింది. సంతకం మీద వేలు పెట్టి చూసింది. మేనకోడలికి ఫోన్ చేసింది. పది నిమిషాల్లో వివరాలు కవర్లో పెట్టి ఆయన చేతికిచ్చింది.

"ఇంత తొందరగా ఇచ్చేస్తారనుకోలేదమ్మా," అన్నాడాయన, కవరు అటూ ఇటూ తిప్పుతూ.

"పద్ధతిగా అడిగావు కదా బాబూ," అందావిడ. "కూర్చో, టీ పెడతాను."